రెల్లు కోసేవాడికి కబురు

ఇంకా దీపం వెలిగించలేదు. వెలిగించనంత సేపూ దీపాలు పెట్టే వేళ కానట్టే అని నాకు నేనే చెప్పుకుంటున్నాను, ముప్పై నాలుగేళ్లు నిండినదాన్ని, చంటిపిల్లలా. కిటికీ అవతల వీధి బూడిదరంగు దాటి నీలంలోకి దిగుతోంది. ఎదురింటి మేడ మీద నేతగాడి కెనరీ పిట్ట కూత ఆపేసింది, అంటే పంజరం మీద గుడ్డ కప్పేశారు, అంటే వాళ్లింట్లో చీకటి పడిపోయింది. నాకింకా పడలేదు. సీసం అక్షరాలు వేళ్లకే తెలుస్తాయి, వాటికి కళ్లెందుకు. అచ్చయిపోయిన పేజీని కడిగి, ఒక్కో అక్షరాన్నీ విడదీసి, దేని అరలో దాన్ని వేస్తూ పోవడం నా పని. మామూలుగా అయితే మళ్లీ వారం సంచికకు అవే అక్షరాలు కావాలి గనక విడదీస్తాను. ఈసారి మళ్లీ వారం లేదు. మా అన్నయ్య ఓబద్యా ఇన్నేళ్లుగా నడుపుకొచ్చిన 'వీధిగంట' మొన్న బుధవారం సంచికతో ఆగిపోయింది. లండన్‌లో కొత్తగా రెండు చట్టాలు చేశారు, ఇక మీదట రాజుగారి గురించి నోరు జారినా తప్పే, యాభై మంది ఒకచోట చేరినా తప్పే. నారిచ్ ఊళ్లో ఓ ఇరుకు సందు, సందులో ఓ అచ్చుకొట్టు, రెండు పెన్నీల వారపత్రిక, ఈ మాత్రం దానికి ఇన్ని తాళాలా అని అన్నయ్య నవ్వాడు గాని ఆ పూట భోజనం ముట్టలేదు. ఇప్పుడు అచ్చుమరను కొనేవాడితో మాట్లాడటానికి ఏటి అవతలికి వెళ్లాడు. వెళ్లడమే మంచిదైంది. ఉంటే నా మొహం చూసి అడిగేవాడు, ఏమిటే కెజీయా, కాలుగాలిన పిల్లిలా అలా తిరుగుతున్నావు అని.

తిరగడం లేదు, నిలబడే ఉన్నాను, కాని తిరుగుతున్నట్టే ఉంది. ఈ క్రాస్క్ గారొకరు, మధ్యాహ్నం వచ్చి పొయ్యి దగ్గర బెంచీ మీద కూర్చున్నవారు లేవడం లేదు. వాన తగ్గనీ అమ్మా అన్నారు, వాన తగ్గి చాలాసేపైంది. పత్రిక కొనలేనివాళ్లు ఒక్క ఫార్దింగు, అంటే పావు పెన్నీ, ఇచ్చి ఆ బెంచీ మీద కూర్చుని చదువుకుపోవచ్చని అన్నయ్య పెట్టిన ఆనవాయితీ, దాన్ని పట్టుకుని రెండు నెలలుగా ఈయన మా పొయ్యి వేడంతా తాగేస్తున్నారు. మంచివారే, మాటకారి. మంత్రులందరినీ ఒకే తాడుకు కట్టాలంటారు, అన్నయ్యే ఇబ్బందిపడి దగ్గేవాడు. ఇవాళ మాత్రం ఆయన వెళ్లిపోవాలి. నేను రమ్మన్న మనిషి వచ్చేసరికి ఈ గదిలో నేనొక్కదాన్నే ఉండాలి. ఏం మాట్లాడాలో అనుకున్నది ఏదీ క్రాస్క్ గారి ముందు మాట్లాడగలిగేది కాదు. ఆ మాటకొస్తే ఎవరి ముందూ కాదు, ఆ మనిషి ముందయినా సరే. మీరేనా అంటాను. అంతవరకూ వచ్చి ఆగిపోతున్నాను ప్రతిసారీ. మీరేనా. అక్కడినుంచి ముందుకు మాట దొరకదు.

చేతిలో ఉన్నది ఆ రావలసిన మనిషి ఆఖరి వ్యాసమే. అలా కుదిరిందని అనుకుంటే అబద్ధం, కావాలనే మిగతా పేజీలన్నీ ముందు విప్పేసి దీన్ని చివరికి ఉంచుకున్నాను. పంక్తి చేతిలోకి తీసుకుని చివరి మాట నుంచి వెనక్కి విడదీయాలి. మాట్లాడాలి, పెట్టి, అవతల, పళ్లెం, తన. ముందు, చెప్పేవాడు, పట్టమని, ఓపిక, ఆకలిగలవాడికి. తిరగేసి చదవడం నాకు అలవాటే, మా నాన్న చెక్కపెట్టె మీద నిలబెట్టి నేర్పిన విద్య, బైబిలు కంటే ముందు నేర్చుకున్నాను దీన్ని. ఆకలిగలవాడికి ఓపిక పట్టమని చెప్పేవాడు ముందు తన పళ్లెం అవతల పెట్టి మాట్లాడాలి, అని రాశారు ఆయన. గోధుమలు దొరక్క ఊరంతా బార్లీ రొట్టె తింటూ పళ్లు అరగదీసుకుంటుంటే, మేయరుగారు పేదలకు మితంగా తినమని సలహా ఇచ్చిన వారం అది. ఆ మాట నేతగాళ్లు మగ్గాల దగ్గర పాటలా అనుకున్నారు. ఇప్పుడు ఒక్కో అక్షరం అరలో పడి చిన్న చప్పుడు చేస్తోంది. ఈ అక్షరాలు రేపు ఎవడో కొంటాడు, వీటితో సంతలో గుర్రాల అమ్మకానికి ప్రకటనలు వేస్తాడు. వేయనీ. ఆ మాట నాకు నోటికి వచ్చు.

రెల్లు కోసేవాడు అని సంతకం పెట్టేవారు. మా పత్రికలో సొంత పేరుతో రాసేవాళ్లు ఎవరూ లేరు, ఉండకూడదు. ఒకాయన ముసలి ఎద్దు అని రాసేవాడు, ఒకామె, ఆమే అనుకుంటాను, చిరిగిన శాలువా అని రాసేది. ఎవరు ఎవరో మాకు తెలియదు, తెలుసుకోకపోవడమే మా ధర్మం. మేజిస్ట్రేటు మనుషులు వచ్చి బల్ల మీద చేయి వేసి రాసిందెవరు చెప్పు, చెబితే నిన్ను వదిలేస్తాం అన్నప్పుడు, అన్నయ్య బైబిలు ముట్టుకుని తెలియదు అనగలగాలి. అందుకే రాతప్రతి అచ్చుకు ఎక్కగానే పొయ్యిలోకి పోవాలి. ఆ పొయ్యిలోకే. చేతిరాత ఒక్కటి దొరికితే చాలు వాళ్లకు, దాన్ని పట్టుకుని ఊరూరా తిరిగి ఆ చేతిని వెతుకుతారు, దొరికిన చేతికి బేడీలు వేస్తారు, ఓడెక్కించి ప్రపంచం అవతలి గట్టుకు తోలేస్తారు. అలా వెళ్లినవాళ్లు ఉన్నారు. కాల్చే పని నాది. ఆయన రాసింది ప్రతిదీ నా చేతులతో నేనే కాల్చాను, ఒక్క ముక్క మిగల్చలేదు, ఒక్కోసారి కాగితం మూల అంటుకునేదాకా చూస్తూ నిలబడిపోయి వేళ్లు కాల్చుకున్నాను. ప్రేమలేఖలు కాల్చుకునేవాళ్లుంటారు, నేను రొట్టె ధర గురించిన వ్యాసాలు కాల్చుకుని ఏడ్చాను. ఎవరికి చెబితే నమ్ముతారు.

చేతిరాత మాత్రం కాలలేదు, లోపల ఉండిపోయింది. నిటారుగా, కాస్త కుడికి వాలి, గాలికి రెల్లు వాలినట్టు. చలికాలంలో అక్షరాలు పెద్దవయ్యేవి, వేళ్లు కొంకర్లు పోయేవేమో. కాగితానికి ఎప్పుడూ పొగ వాసన, బురద వాసన. శనివారం సంత రోజు తెల్లారేసరికి తలుపు కింద పడి ఉండేది, సంతకు వచ్చే పడవ మనుషుల్లో ఎవరో తోసి పోయేవారు. మొదట్లో వాక్యాలు మరీ పొడుగు, ఊపిరి తీసుకోకుండా పరిగెత్తేవి. పేజీలో చోటుండదు, నేను మధ్యలో నరికి రెండు చేసేదాన్ని. మూడు వారాలకో నాలుగు వారాలకో గమనించాను, ఆయన పొట్టి వాక్యాలు రాయడం మొదలుపెట్టారు. నేను ఎక్కడ నరుకుతానో సరిగ్గా అక్కడ ఆయనే నరుకుతున్నారు. అవతల గట్టు మీద ఎవరో నా పని చూస్తున్నారు, చూసి, సరే అలాగే అంటున్నారు. ఆ రోజు చేతిలో అక్షరాలు పట్టుకుని చాలాసేపు కదల్లేదు. నేను చేసే పనిని అలా చూసిన మనిషి అంతకు ముందు నాకు ఎవరూ లేరు. ఆ తర్వాత ఒకసారి కావాలనే, అక్కర్లేని చోట ఒక మాట మార్చాను. తర్వాతి వ్యాసంలో ఆయన నా మాటే వాడారు. రెండేళ్లు ఇలా గడిచాయి. దీన్ని ఏమంటారో నాకు తెలియదు, వేరే పేరేదైనా ఉంటే బాగుండు.

ఆయన ఎప్పుడూ రాజు అని రాయలేదు, మంత్రి అని రాయలేదు. కొంగలు, నీటికోళ్లు, కప్పలు, పాముచేపలు, అంతే. ఏటిలో ప్రతి చేపా నీళ్లు తాగినందుకు కొంగకు పన్ను కట్టాలని చట్టం చేసిన వైనం రాసిన వారం, సారాకొట్లలో బల్లల మీదకెక్కి చదివారు దాన్ని, మేజిస్ట్రేటు మనుషులు వచ్చిందీ ఆ వారమే. కొంగ ఎవరు అని అడిగారు అన్నయ్యను. కొంగ అంటే కొంగేనండి, పొడుగు కాళ్లు, మెడ వంచి నిలబడుతుంది, తమకు తెలియంది కాదు, అన్నాడు అన్నయ్య. దానికి మూడు నెలలు కోట జైల్లో ఉండి వచ్చాడు. రాసినవాడి పేరు చెప్పలేదు, తెలియదు కదా. తెలియకపోవడం ఎంత పెద్ద గోడో అప్పుడు చూశాను, ఆ గోడ వెనకే ఆయన క్షేమంగా ఉన్నారు. ఆ గోడకు కన్నం వేసింది మాత్రం నేను.

తలుపు గంట మోగింది. చేతిలో పంక్తి కింద పెట్టి తిరిగాను. ఎవరో కాదు, మూల మీద పొగచేపలు అమ్మే ముసలామె, చేపలు చుట్టడానికి చెడిపోయిన కాగితాలుంటే ఇమ్మంది. ఇచ్చాను. దీపం పెట్టుకోలేదేం తల్లీ, కళ్లు పోతాయి అంది. పెడతాలే అన్నాను. వెళుతూ వెళుతూ ఎదురుగా సారాకొట్టు గుమ్మంలో ఇద్దరు నిలబడ్డారనీ, చూస్తే తాగేవాళ్లలా లేరనీ, సైన్యంలో చేర్చుకునేవాళ్లేమో, మీ అన్నను జాగ్రత్తగా ఉండమని చెప్పమనీ అంది. అలాగే అన్నాను. మనసు వినలేదు, చెవులు విన్నాయి.

కబురు ఎలా రాశానో నాకిప్పటికీ అర్థం కాదు. పత్రిక చివరి పేజీ అడుగున, రాసేవాళ్లకు జవాబులు అని ఒక మూల ఉంటుంది. పేర్లు, ఊళ్లు తెలియని మనుషులతో మేం మాట్లాడటానికి ఉన్న దారి అదొక్కటే. ముసలి ఎద్దు గారి పద్యం అందింది, మళ్లీ పంపవద్దని మనవి. చిరిగిన శాలువా వ్యాసం వచ్చే వారం. ఆ మూల నా సొంత పెరడు, అన్నయ్య అందులో కాలు పెట్టడు. మంగళవారం అన్నయ్య కళ్లు మూతలు పడుతూ, అడుగున నాలుగు పంక్తులు ఖాళీ ఉంది కెజీయా, ఏదో ఒకటి పెట్టి మూసెయ్యి అన్నాడు. ఇదే ఆఖరు, ఇక ఆ పేరు ఎప్పుడూ పేర్చను, ఆ కాగితం ఎప్పుడూ తలుపు కిందకు రాదు, ఆయన ఏ ఊళ్లో ఉంటారో, బతికి ఉన్నారో పోయారో కూడా తెలియకుండా నాకు ముసలితనం వస్తుంది, అనుకుంటుంటే చేతులు వాటంతట అవే కదిలాయి. ముందుగా కాగితం మీద రాసుకోలేదు, నేరుగా సీసంలోనే పేర్చాను. రెల్లు కోసేవారికి మనవి: శనివారం దీపాలు పెట్టే వేళకు కొట్టుకు దయచేస్తే, ఇన్నాళ్లూ మీ మాటలు పేర్చినవారు ఒక్కసారి మిమ్మల్ని చూసి ధన్యవాదాలు చెప్పుకుంటారు. నాలుగు పంక్తులు సరిగ్గా సరిపోయాయి. సరిపోకపోయి ఉంటే ఎంత బాగుండేది.

క్రాస్క్ గారు కాళ్లు చాచి ఆవులించారు. "ఇవాళ ఆ మహానుభావుడి దర్శనం అవుతుందన్నమాట," అన్నారు. "చదివానమ్మా, చివరి పేజీలో. అందుకే కూర్చున్నా. ఒక్కసారి చేయి కలిపి పోదామని."

అంతే కదా, అనుకున్నాను, అందరికీ ఉంటుంది. కొంచెం అసూయ కూడా వేసింది, నాకు మాత్రమే రాసుకున్న మాటల్ని వేరే ఎవరో చదివినట్టు, ఊరంతా చదివే పత్రికలో అచ్చు వేసి. నవ్వాను కూడా అనుకుంటాను. అప్పుడు ఆయన గొంతు తగ్గించి అడిగారు.

"ఆయన చేతిరాత ఒక్క ముక్క ఉంటే చూపించమ్మా కెజీయమ్మా. కళ్లకద్దుకుంటా. ఒక్క ముక్క చాలు."

వేళ్ల మధ్య అక్షరం ఆగిపోయింది. చేతిరాత ఉంచరని మా వాళ్లలో తెలియనివాళ్లు లేరు. మగ్గం దగ్గర చదువు రాని కుర్రాడికి కూడా తెలుసు, వీధిగంటవాళ్లు కాగితం పొయ్యిలో వేస్తారని. మాతో ఒక్క పూట కలిసి తిరిగినవాడెవడూ ఆ మాట అడగడు. అడగాలని తోచదు. రెండు నెలలు మా పొయ్యి దగ్గర కూర్చున్న మనిషికి ఆ పొయ్యి ఎందుకు మండుతుందో తెలియలేదు. ఉంచమండి, అన్నాను, గొంతు మామూలుగానే వచ్చింది, ఎలా వచ్చిందో. అయ్యో పాపం అన్నారు ఆయన. అప్పుడు చూశాను ఆయన తల వైపు. జుట్టుకు పౌడరు రాసుకుంటే పన్ను కట్టాలన్న చట్టం వచ్చినప్పటి నుంచి మావాళ్లంతా కోపానికి పౌడరు మానేసి జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నారు, ఈయన జుట్టూ పొట్టిగానే ఉంది, కాని చెవుల వెనక మడతల్లో తెల్లటి పొడి, ఇప్పటికీ రాసుకుంటూ ఉంటే గాని అంతగా మిగలదు. అన్నయ్య ఎన్నిసార్లు చెప్పాడు, మనకంటే ఘాటుగా మాట్లాడేవాడు దొరికితే ముందు తలుపు వైపు చూసుకోవే అని. సారాకొట్టు గుమ్మంలో ఇద్దరున్నారు, తాగేవాళ్లలా లేరు. మేజిస్ట్రేటు మనుషులు రెండేళ్లు గుర్రాలెక్కి వెతికినా దొరకని మనిషిని, ఫలానా రోజు ఫలానా వేళకు ఫలానా గుమ్మానికి రమ్మని పిలిచి పీట వేసి కూర్చోబెట్టాను. కొరివితో తల గోక్కున్నా ఇంత కాలేది కాదు, కాలినా నా తలే కాలేది.

ఏం చేయాలి. తలుపు మూసేస్తే ఆయన వచ్చి తడతారు, తట్టిన చప్పుడుకే వీళ్లు లేస్తారు. వీధి చివరకు వెళ్లి ఆపుదామంటే ఎవరిని ఆపాలి, మొహం తెలియదు. ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి, వీధిలో ఎదురైతే గుర్తుపట్టలేను. పైగా నేను ఎవరి వైపు రెండు అడుగులు వేస్తే వాళ్లనే పట్టుకుంటారు. నిలబడాలి, ఇక్కడే, అక్షరాలు విడదీస్తూ. పొద్దున్నుంచీ రండి రండి అని కూసిన మనసే ఇప్పుడు రావద్దు రావద్దు అంటోంది. పడవ మునిగిపోనీ. కాలు బెణకనీ. జ్వరం రానీ, చిన్న జ్వరం, రెండు రోజుల్లో తగ్గేది. అసలు పత్రిక అంత దూరం చేరకపోయి ఉండనీ. నాకోసం రావాలని అనిపించకుండా ఉండనీ. ఆ ఆఖరిది అడగడానికి ప్రాణం ఒప్పుకోలేదు, అయినా అడిగాను. అడుగుతూనే, వస్తే ఎలా ఉంటారో అని చూస్తున్నాను లోపల, సిగ్గులేని మనసు. పొడుగ్గా ఉంటారు. నెరిసీ నెరవని జుట్టు. సన్నటి వేళ్లు. తలుపు దగ్గర కాసేపు తటపటాయిస్తారు. మీరేనా అంటాను. కాదు, అనను. రావద్దు.

వీధి నీలం పోయి నల్లబడింది. చర్చి గంటలు మొదలయ్యాయి. "దీపం పెట్టమ్మా, వచ్చినవాడికి మొహం కనబడొద్దూ," అన్నారు క్రాస్క్ గారు, స్నేహంగా. కొవ్వొత్తి కోసం చేయి చాచాను. గంట మోగింది.

ఒక పొట్టి మనిషి. బట్టతల, చెవులు చలికి ఎర్రగా కందిపోయాయి, యాభై దాటి ఉంటాయి, మోకాళ్ల దాకా బురద. చంకలో తడిగడ్డి కప్పిన బుట్ట. హమ్మయ్య అనుకున్నాను, చేపలవాడు. ఊపిరి వదిలాను. క్రాస్క్ గారు కూడా తల ఎత్తి చూసి, మళ్లీ పత్రికలోకి దిగిపోయారు, చివరి పేజీ పైకి ఉండేలా మడిచి పట్టుకుని.

"పాంచేపలు కావాలేటమ్మా," అన్నాడు ఆ మనిషి. "పొద్దున్న పట్టినియ్యే. సంతలో మిగిలిపోనాయి."

వద్దు అన్నాను. అతను కదల్లేదు. గది చుట్టూ చూశాడు, అక్షరాల అరలు చూశాడు, నా చేతులు చూశాడు, అక్కడే ఆగాడు.

"తీసుకోపోతే పోనీగానమ్మా, కూసింతసేపు పొయ్యికాడ సేతులు కాసుకుంటా. ఇయ్యి ఇంటికి మోసుకెళ్లినా తినేవోళ్లెవురూ లేరు. నా ఇంట్లో నా మాట వినేది పిల్లొకటే. అదైనా సేప ఉన్నంతసేపే."

ఆ మాట నాకు తెలుసు. కిందటి వసంతంలో ఒక వ్యాసం చివర ఉంది ఆ మాట. చట్టాల గురించి, ఓట్ల గురించి అంతా రాసి, ఆఖరున ఎందుకో తన గురించి ఆ ఒక్కటి రాసుకున్నారు, నా ఇంట్లో నా మాట వినేది పిల్లి ఒక్కటే, అదైనా చేప ఉన్నంతసేపే అని. చదివి పైకే నవ్వాను. పేజీలో చోటు చాల్లేదు, దాన్నే తీసేయాల్సి వచ్చింది, తీసేసి కాగితం కాల్చేశాను. అది ఎక్కడా అచ్చు కాలేదు. అన్నయ్య కూడా చదవలేదు. ఈ భూమ్మీద ఆ మాట తెలిసినవాళ్లం ఇద్దరమే, రాసినవారూ, కాల్చినదాన్నీ. ఆయన ఒంటరివారని నాకు తెలిసింది అప్పుడే, ఈ పిచ్చి ముదిరిందీ అప్పటినుంచే. అచ్చులో రాని ఆ మాటను గుర్తుపెట్టుకుని, బుట్టలో చేపల కింద దాచుకున్నట్టు దాచుకుని, ఇక్కడిదాకా వచ్చి నా ముందు పెట్టారు. నా మాటలు పేర్చింది నువ్వే అయితే, నేనెవరో నీకు తెలుస్తుందని. ఇంతసేపూ నా లోపల నిలబడ్డ పొడుగాటి మనిషి, నెరిసీ నెరవని జుట్టూ, సన్నటి వేళ్లూ, ఎటు పోయాడో తెలియదు. వెతకాలని కూడా అనిపించలేదు. ఈయనే. చలికాలంలో పెద్ద అక్షరాలు రాసే మొద్దు వేళ్లు ఇవే, బుట్ట అంచు పట్టుకుని ఉన్నాయి, చాకుగాట్లు, రెల్లు కోసిన గాట్లు. మూడు అడుగుల దూరం. కౌంటరు బల్ల దాటితే ముట్టుకోవచ్చు.

పొయ్యి దగ్గర కాగితం మడత సర్దుకున్న చప్పుడు అయింది.

"పొయ్యి దగ్గర చోటు లేదు," అన్నాను, ఊరంతా వినేలా. "ముందే ఒక పెద్దమనిషి వచ్చి కూర్చున్నారు, కనబడటం లేదా నీకు? నీ చేపలూ వద్దు, నీ కబుర్లూ వద్దు. సంత అయిపోయింది, పడవ పోకముందే పో. మళ్లీ ఈ గుమ్మం తొక్కకు."

రెండేళ్లుగా మనసులో మీరు తప్ప అనని మనిషిని, మొట్టమొదట నోరు తెరిచి నువ్వు అన్నాను. ఆయన ఉలిక్కిపడలేదు. తల తిప్పి పొయ్యి వైపు చూశారు, నిదానంగా, కొనేవాడెవరైనా ఉన్నాడేమో అని చూసినట్టు. క్రాస్క్ గారి పొట్టి జుట్టు, మడిచిన చివరి పేజీ, చాచిన కాళ్లకు మంచి బూట్లు. మళ్లీ నా వైపు చూశారు. ఎంతసేపో చెప్పలేను. నా కళ్లు ఏం చెప్పాయో నాకు తెలియదు, చెప్పాల్సిందంతా చెప్పి ఉంటే బాగుండు, మొహం మాత్రం గయ్యాళి మొహమే పెట్టుకున్నాను. బుట్ట చంకలోకి ఎగదోసుకున్నారు.

"సరేనమ్మా," అన్నారు. "సల్లటి పని సేస్తన్నారు. సేతులు జాగర్త."

తలుపు తీసుకుని వెళ్లిపోయారు. గంట మోగింది, ఆగింది. కిటికీలోంచి సారాకొట్టు గుమ్మం దాకా కనిపించారు. ఆ ఇద్దరిలో ఒకడు బుట్టలోకి తొంగి చూశాడు, ముక్కు మూసుకుని నవ్వాడు, దారి ఇచ్చాడు. తర్వాత గోడ మలుపు, తర్వాత ఏమీ లేదు.

కొవ్వొత్తి వెలిగించాను. మొదటిసారి అంటుకోలేదు, మళ్లీ అంటించాను. పాపం ముసలాణ్ణి అలా కసిరావేమ్మా, ఒక్క చేప కొంటే ఏం పోయేది అని జాలిపడ్డారు క్రాస్క్ గారు. ఎవరి కోసం ఎదురుచూస్తున్నానో మీకు తెలుసు కదా, మధ్యలో వీళ్ల బేరాలొకటి, అన్నాను. అదీ నిజమేలే అని నవ్వారు. క్రాస్క్ గారు లేవకూడదు. చిత్తడి ఊళ్లకు పోయే పడవ చీకటి పడ్డాక రేవు వదులుతుంది, వదిలే ముందు బూర ఊదుతారు. అప్పటిదాకా ఈయన ఇక్కడే, ఈ బెంచీ మీదే, ఆశగా కూర్చోవాలి, అనుమానం వచ్చి ఆ చేపలవాణ్ణి ఓసారి వెనక్కి పిలవండర్రా అని కేకేయకూడదు. పొయ్యిలో ఇంకో రెండు కట్టెలు వేశాను. బీరు కాచి ఇచ్చాను. చిన్నప్పటి నుంచి నేనెవరికీ చేయనంత మర్యాద చేశాను ఆ మనిషికి.

"వస్తాడంటావా?" అన్నారు కాసేపటికి.

"వస్తారండి," అన్నాను. "ఇంత దూరం పిలిస్తే రాకుండా ఉంటారా. ఇంకాసేపు చూద్దాం."

అక్షరాలు విడదీస్తున్నాను. వీధిలో అడుగుల చప్పుడైనప్పుడల్లా తల ఎత్తాలి, తలుపు వైపు చూడాలి, రానివాడి కోసం చూసినట్టు చూడాలి, క్రాస్క్ గారు నా మొహమే కనిపెట్టుకుని ఉన్నారు. ఏటి వైపు నుంచి బూర వినబడింది, పొడుగ్గా, ఆగి ఇంకోసారి. ఇక పడవ కదిలింది. ఇక ఆయన్ని ఎవరూ పట్టుకోలేరు, నేను కూడా. ఎవరో సందులోకి తిరిగారు, బూట్ల చప్పుడు దగ్గరవుతోంది. తల ఎత్తి తలుపు వైపు చూశాను. నటించడం కష్టమవుతుందేమో అని భయపడ్డాను గాని, నటించాల్సిన పనే లేకపోయింది.